పంతులుగారిని పెంచిన తల్లి

శ్రీమద్భాగవతమునందలి ధ్రువోపాఖ్యానమును వినని వైష్ణవగృహము ఉండదు. ఐదేండ్ల బాలుని తపస్సును అందరును కొనియాడుదురు. ఆ తపస్సునకు బీజము నాటిన తల్లిని తలచువారు కొలదిమంది. పతి యాదరణకు దూరమై, కుమారుని తానొక్కతెయే సాకుకొనుచున్న సునీతి, సవతితల్లి మాటలకు నొచ్చి ఏడ్చుచు వచ్చిన బిడ్డకు పగను నేర్పలేదు. శ్రీహరి పాదములను చూపినది. తండ్రి యొడి దక్కని బాలునకు ధ్రువపదము దక్కినది.

అట్టి తల్లులు పురాణములకే పరిమితులు కారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మాతృమూర్తి సుబ్బమ్మగారు అట్టి యిల్లాలు.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. వారికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. సుబ్బమ్మగారు బిడ్డలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్లిల్లు నడుపుచు వారిని పోషించిరి.

ఇచ్చట ఒకింత నిలిచి ఆలోచింపవలెను. అన్నవిక్రయము దోషమని పెద్దలు చెప్పియున్నారు. పాఠశాలలో శాస్త్రము చదువుకొన్న నాబోటివాడు ఆ మాటను కాదనలేడు. ఆ కారణముననే నాటి లోకము పూటకూళ్ల వృత్తిని చిన్నచూపు చూచెడిది. కాని శాస్త్రము నిందించినది లోభమును. పొయ్యి పొగలో కన్నులు మండుచుండ, తండ్రిలేని బిడ్డల కొరకు పరులకు వండి వడ్డించిన తల్లి చెమటను కాదని నా మనవి. ఆ చెమటయే ఆమెకు తపస్సు.

ఆ సంపాదన చాలక బాలప్రకాశము కలవారి యిండ్లలో పనులు చేయవలసివచ్చెను. పరీక్షకు మూడు రూపాయలు కట్టవలసినపుడు తల్లి తన పట్టుచీరను తాకట్టుపెట్టి ఆ సొమ్ము తెచ్చెను. కుమారుడా, బుద్ధిమంతుడని చెప్పుటకు వీలులేదు. నాటకముల మోజు, ఆకతాయి తిరుగుళ్లు మెండు. అయినను ఆమె చదువు మాన్పించలేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఆ బాలుని చేరదీసి, రాజమహేంద్రవరమునకు వెంటగొనిపోయి చదివించిరి. తండ్రి లేని లోటును గురువు కొంత తీర్చెను.

తరువాతి కథ లోకవిదితము. ప్లీడరుగా పేరుగాంచి, 1904లో బారిష్టరు చదువునకై ఇంగ్లండు వెళ్లునపుడు, మాంసము, మద్యము, పొగాకు ముట్టనని తల్లికి మాట యిచ్చిరి. ఒడిలో పెట్టుకొని పెంచిన బిడ్డ సముద్రము దాటిపోవుచుండ ఆ తల్లి వెంట పంపగలిగినది ఆ నియమమొక్కటే.

1907లో తిరిగివచ్చి మదరాసులో విశేషముగా ధనమార్జించిరి. 1921లో ఆ వృత్తిని వదలి స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతయు దేశమునకే ధారపోసిరి. 1928లో సైమన్ కమిషను వచ్చినపుడు మదరాసు వీధిలో తుపాకులకెదురుగా రొమ్ము చూపిరి. 1946లో మదరాసు రాష్ట్ర ప్రధానులై, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులై, 1957 మే 20వ తేదీన చేత చిల్లిగవ్వ మిగుల్చుకొనకయే కన్నుమూసిరి.

1952లో బెజవాడ పాత ఆనకట్ట తెగిన పిమ్మట నిర్మింపబడి, 1957లో పూర్తియైన బారేజి వారి పేరనే వెలసినది. చల్లపల్లి ప్రాంతపు రైతు మడి కట్టి నారు పోయునది, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువునకు నివేదించు అన్నమునకు ధాన్యము పండించునది, ఆ కృష్ణా కాలువల నీటితోనే. ఒకనాడు పూటకూళ్లిల్లని లోకము చులకన చేసిన యింట పెరిగిన బిడ్డ పేరు, నేడు మన నైవేద్యమునకు నీరిచ్చు కట్టడముపై నిలిచియున్నది. భగవంతుని లెక్క లోకపు లెక్క వంటిది కాదు.

భక్తులారా, మీ వీధిలోను భర్తను కోల్పోయియో, విడువబడియో, బిడ్డను ఒంటరిగా పెంచుకొనుచున్న తల్లి ఉండవచ్చును. ఆమె చేయు పనిని ఎంచకుడు. తీర్థప్రసాదముల వేళ ఆమెను వెనుకకు నెట్టకుడు. ఆ బిడ్డ పరీక్ష రుసుము కొరకు పట్టుచీర తాకట్టునకు పోకుండ చూడుడు. నాయుడుగారి వలె ఒక్క బిడ్డను చేరదీసినను చాలును. అదియే సునీతికి మనము చేయు కైంకర్యము.