కప్ప కాలును కదిలించిన గాల్వానీ



పోయిన దసరా సెలవుల్లో నేను మా ఊరికి పోలేదు. హైదరాబాదులో హబ్సిగూడకు పోయిన. మా అయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మా మామ వాచ్‌మన్‌గా ఉన్న అపార్టుమెంటు గదిలో ఉండి, రోజూ అయ్యను ఫిజియోథెరపీకి తీసుకుపోయేవాళ్లం. అక్కడి మేడం అయ్య ముంజేతికి రెండు తడి ప్యాడ్లు కట్టి చిన్న పెట్టె మీద బిళ్ల తిప్పింది. రెండు నెలలుగా కదలని వేళ్లు టక్కున లేచాయి. అమ్మ ఏడ్చింది. అయ్య మాత్రం, లేపింది నేను కాదు, కరెంటు అన్నడు.

ఆ మాట నన్ను వదల్లేదు. హాస్టలుకు వచ్చాక సైన్సు సారును అడిగితే ల్యాబులో గాల్వనామీటరు చూపించి, ఈ పేరు గల మనిషి గురించి చదువు అన్నారు. చదివింది రాస్తున్నాను.

లూయీజీ గాల్వానీ 1737 సెప్టెంబరు 9న ఇటలీలోని బొలోనా నగరంలో జన్మించారు. వైద్యం చదివి అక్కడే శరీర నిర్మాణ పాఠాలు చెప్పేవారు. తన గురువు గారి కూతురు లూచియాను పెళ్లాడారు. ఆమె ప్రయోగాల్లో సాయపడేది. పుస్తకంలో ఆమె గురించి రెండు లైన్లే ఉన్నాయి. ఇంకొంచెం రాయాల్సింది.

ఒకరోజు బల్ల మీద కోసిన కప్ప కాళ్లున్నాయి. పక్కనే కరెంటు పుట్టించే యంత్రం ఉంది. సహాయకుడు కత్తి మొన కప్ప నరానికి తగిలించినప్పుడే యంత్రం నుండి నిప్పురవ్వ లేచింది. చచ్చిన కప్ప కాలు తన్నింది! మనమైతే దెయ్యమని ఉరికేవాళ్లం. వానాకాలం మా పిల్లలు కప్పలు పట్టుకొస్తే, తోలు తీసిన కాళ్లు ఉప్పు తగిలి అదరడం నేను చూసిన. ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఆయన అడిగారు, పదేళ్లకు పైగా అదే పని మీద ఉన్నారు. ఇత్తడి కొక్కేలకు కప్ప కాళ్లు గుచ్చి ఇనుప కడ్డీలకు వేలాడదీశారు. మెరుపు లేకున్నా కాళ్లు కదిలాయి. జీవుల శరీరంలోనే విద్యుత్తు ఉందని 1791లో పుస్తకం రాశారు.

వోల్టా అనే శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. కరెంటు రెండు లోహాల వల్ల పుట్టింది, కప్పది కాదన్నారు. గాల్వానీ లోహమే లేకుండా కప్ప నరాన్ని దాని కండరానికి తాకించి కదిలించి చూపారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. వోల్టా ఆ వాదంలోంచే 1800లో బ్యాటరీ చేశారు.

గాల్వానీ దాన్ని చూడలేదు. నెపోలియన్ సైన్యం వచ్చాక కొత్త ప్రభుత్వానికి అందరూ ప్రమాణం చేయాలన్నారు. దైవభక్తి గల ఆయన మనసు ఒప్పక చేయలేదు. ఉద్యోగం, జీతం పోయాయి. సోదరుని ఇంట్లో తలదాచుకున్నారు. ఉద్యోగం తిరిగి ఇద్దామనుకునేసరికి 1798 డిసెంబరు 4న చనిపోయారు. నేనైతే భయపడి ప్రమాణం చేసేదాన్నేమో.

తర్వాత ఫ్రాన్సులో డుషెన్ అనే డాక్టరు చర్మం మీదనుంచే రోగుల కండరాలకు కరెంటు పెట్టారు. 1961లో అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు, పక్షవాతంతో పాదం ఈడ్చేవారికి మడమ కింద స్విచ్చి పెట్టారు. మడమ లేవగానే నరానికి కరెంటు పోయి పాదం పైకి లేస్తుంది. హబ్సిగూడలో మేము రోజూ దాటిపోయే ఎన్.జి.ఆర్.ఐ. కూడా 1961లోనే మొదలైందట. అక్కడివాళ్లు భూమిలోకి కరెంటు పంపి నీళ్లు వెతుకుతారు.

ఫిజియోథెరపీ మేడం చెప్పింది ఇప్పుడు అర్థమైంది. దెబ్బ తగిలింది మెదడుకు. చేతి నరం, కండరం బతికే ఉన్నాయి. అందుకే కరెంటుకు పలికాయి. కరెంటు వచ్చినప్పుడు అయ్య కూడా వేళ్లు లేపాలని గట్టిగా అనుకోవాలి. అప్పుడే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది. ఈ సంగతి ఫోనులో అయ్యకు మా భాషలో చెప్పిన. నరానికి మాట దొరక్క పొలానికి నీళ్లు పోయే కాలువ అన్నా.

పోయిన ఆదివారం అమ్మ ఫోను చేసింది. ప్యాడ్లు లేకుండా చూపుడు వేలు కొంచెం లేచిందట. గొడ్డలి ఇంకా పట్టలేడు.