దివాన్‌గిరీ వదిలి కత్తులు కూడబెట్టిన మనిషి

మా హుజూర్‌నగర్ ఇంట్లో అటక మీద తాత నాటి తుప్పు కత్తి ఒకటుండేది. పాత సామానోళ్లకు కిలో లెక్కన అమ్మేశాం. ఫస్టియర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీలో నిలబడ్డప్పుడు అదే గుర్తొచ్చింది.

వీటిలో కొన్ని తాతతండ్రులవి. చాలావరకు కూడబెట్టింది మాత్రం మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్. 1889లో పుట్టారు. నెల తిరగకముందే తండ్రి పోయారు. 1912లో ఏడో నిజాంకు దివాన్ అయ్యేసరికి వయసు 23, మన సీనియర్లంత! 1914లో ఆ కొలువు వదిలేశారు. పెళ్లీ చేసుకోలేదు. జాగీరు రాబడి పుస్తకాలకు, బొమ్మలకు, గడియారాలకు, ఆయుధాలకే పోయింది.

బ్రిటన్‌లో చేతిని బుట్టలా కప్పే పిడి ఉన్న కత్తులను ఏరి దాచేవాళ్లున్నారు. మన దక్కనులోనేమో యూరప్ బ్లేడుకి ఇక్కడి పిడి బిగించి దాన్ని 'ఫిరంగి' అన్నారు. ఎవరో ఒకరు దాచకపోతే ఈ ముచ్చట మనకు తెలిసేదే కాదు.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. పిల్లల్లేరు. సొత్తంతా చెల్లాచెదురయ్యేదే. కానీ 1951 డిసెంబర్ 16న ఆయన దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్య సంస్థగా గుర్తించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు.

మీ ఇంటి అటక ఓసారి చూడండి. మా కత్తి ఎట్లాగూ తిరిగి రాదు.