ఇసుకలో నీటి లెక్క తేల్చిన హెన్రీ డార్సీ



వాన వెలిసిన కాసేపటికే ఇసుక నేలలో నీళ్లు ఇంకిపోతాయి. రేగడి నేలలో మాత్రం గంటల తరబడి నిలిచే ఉంటాయి. ఎందుకలా అని మీ పిల్లలు అడిగితే, ఈ ఇంజనీరు కథ చెప్పండి.

హెన్రీ డార్సీ 1803లో ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో పుట్టాడు. పద్నాలుగేళ్లకే తండ్రి చనిపోయాడు. తల్లి చదువు మాన్పించలేదు. అప్పు చేసి మరీ మాస్టార్లను పెట్టి చదివించింది. 1821లో అతను ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. తర్వాత ప్రభుత్వ ఇంజనీరై సొంత ఊరికి తిరిగొచ్చాడు.

అప్పుడు డిజోన్‌లో మంచినీళ్లకు కటకట. రోజ్వార్ అనే ఊట దగ్గర్నుంచి ఊరిదాకా డార్సీ 12 కిలోమీటర్లకు పైగా మూసిన కాలువ కట్టించాడు. 1840లో నీళ్లు ఊరికి చేరాయి. ఆ తర్వాత వీధుల్లో కుళాయిలు వచ్చాయి. ఇంత పనికీ తనకు రావాల్సిన ఫీజు మాత్రం ఆయన తీసుకోలేదు.

ఆరోగ్యం దెబ్బతిన్నాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. 1855లో డిజోన్ ఆస్పత్రి ఆవరణలో నిలువెత్తు గొట్టంలో ఇసుక నింపి, నీళ్లు వదిలి, ఎంత నీరు ఎంతసేపట్లో దిగుతోందో కొలిచాడు. ఇసుకకు పైనా కిందా నీటి మట్టాల తేడా రెట్టింపైతే, ప్రవాహమూ రెట్టింపవుతుంది. ఆ తేడా అలాగే ఉండి ఇసుక మందం రెట్టింపైతే, ప్రవాహం సగానికి తగ్గుతుంది. ఇసుక రకం మారితే వేగమూ మారుతుంది. 1856లో అచ్చయిన పుస్తకంలో ఆయన రాసిన ఈ లెక్కే డార్సీ నియమం. భూగర్భజలాల కదలికను ఇంజనీర్లు నేటికీ దీనితోనే లెక్కగడతారు. 1858 జనవరిలో, యాభై నాలుగేళ్లకే ఆయన కన్నుమూశాడు.

ఈ ఆదివారం మీరూ కొలిచి చూడండి. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసేసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా నిలబెట్టండి. ఒకదాంట్లో తడి ఇసుక, రెండోదాంట్లో తడిపి అదిమిన రేగడి మట్టి ఒకే మందాన నింపండి. రెండింట్లోనూ గ్లాసెడు నీళ్లు పోసి, కిందికి ఎంతసేపట్లో దిగాయో పిల్లలనే రాసుకోమనండి. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, నీళ్లు సులువుగా జారిపోతాయి. రేగడి రేణువులు మరీ సన్నవి, వాటి మధ్య సందులూ అంతే. అందుకే అక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి.

జవాబు మీరు ముందే చెప్పేయకండి. వాళ్లను కొలవనివ్వండి. డార్సీ చేసిందీ అదే.