శ్రీ బూర్గుల రామకృష్ణరావుగారు

హైదరాబాదు రాష్ట్రమునకు ప్రజలెన్నుకొన్న శాసనసభనుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రియు, కడపటి ముఖ్యమంత్రియు ఒక్కరే. వారే శ్రీ బూర్గుల రామకృష్ణరావుగారు. 1899 మార్చి 13వ తేదీన పాలమూరు సీమలో, కల్వకుర్తి ప్రాంతపు పడకల్లు గ్రామమున జన్మించిరి. ఇంటిపేరు పుల్లంరాజువారైనను, ఊరిపేరైన బూర్గులయే లోకమున నిలిచినది. పూనా ఫెర్గుసన్ కళాశాలలో పట్టము పొంది, బొంబాయిలో న్యాయశాస్త్రము ముగించి, హైదరాబాదులో వకీలుగా పేరు గడించిరి. తెలుగు, ఉర్దూ, పారసీ, సంస్కృతము, ఆంగ్లము వారికి కరతలామలకములు.

నైజాము పాలనలో సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కావలసియుండెను. నేటి చదువరులు నమ్మకపోవచ్చునుగాని, ఆనాడు గ్రంథాలయము పెట్టుటయే ఒక సాహసము. మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దలతో కలిసి బూర్గులవారు ఆ యుద్యమమున పాటుపడి, 1931లో దేవరకొండలో జరిగిన ద్వితీయాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. తరువాత రాష్ట్ర కాంగ్రెసులో చేరి కారాగారవాసమును అనుభవించిరి.

1950లో వెల్లోడి మంత్రివర్గమున రెవెన్యూ శాఖను చేపట్టిరి. ఆ యేటనే వచ్చిన కౌలుదారీ చట్టము వలన, దున్నువానిని దొర తన యిష్టము వచ్చినప్పుడు వెళ్లగొట్టుటకు అడ్డుకట్ట పడినది. రక్షిత కౌలుదారు అను మాట పల్లెలలో అప్పటినుండియే వినబడసాగెను. వారి కార్యములలో మిన్న ఇదియే యని మా యభిప్రాయము.

1952లో షాద్‌నగరునుండి గెలిచి, మార్చి 6న ముఖ్యమంత్రి అయిరి. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన చెలరేగి, నగరమున పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ మచ్చ వారి పాలనను వీడలేదు.

అసలు పరీక్ష 1955లో వచ్చెను. తెలంగాణమును కొంతకాలము వేరుగా నుంచి, 1961 ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతులు కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని ఫజలలీ సంఘము సూచించినది. జనులలో పెక్కురు విడిగా నుండగోరుచున్నారని బూర్గులవారు ఎరుగుదురు. ఆ సంగతి కాంగ్రెసు అధ్యక్షులకు తెలిపియుండిరి. అయినను శాసనసభలో విశాలాంధ్రవైపే మొగ్గు కనబడెను. అధిష్ఠానమును అటే యుండెను. తుదకు వారును సమ్మతించిరి. తన పదవి పోవునని తెలిసియే యిట్లు సమ్మతించిన నాయకులు అరుదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందముపై వారును సంతకము చేసిరి. ముఖ్యమంత్రి ఆంధ్రప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి తెలంగాణమువాడు కావలెనన్నది అందులోని యొక షరతు. నవంబరు 1న ఏర్పడిన నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గమున ఆ పదవియే లేదు! ఈ యొప్పందము అమలును గూర్చిన వివాదము దశాబ్దములు నడచి, 2014లో తెలంగాణము మరల వేరు రాష్ట్రమైనది.

బూర్గులవారు మాత్రము ఆ నవంబరులోనే కేరళమునకు గవర్నరుగా వెళ్లిరి. అచటి నంబూద్రిపాద్ ప్రభుత్వము 1959 జూలై 31న రద్దగుటకు వారి నివేదికయే ఆధారమైనది. అది న్యాయమా కాదా యను చర్చ ముగియలేదు. 1960లో ఉత్తరప్రదేశమునకు మారి, 1962 వరకు అచట గవర్నరుగా నుండిరి. సౌందర్యలహరిని తెనిగించిన ఆ పండితుడు 1967లో కాలధర్మము చెందెను.