ఆలోయిస్ అల్జీమర్

ఆలోయిస్ అల్జీమర్ (జూన్ 14, 1864 - డిసెంబర్ 19, 1915) జర్మనీ దేశానికి చెందిన సుప్రసిద్ధ మానసిక వైద్యుడు, నాడీవ్యాధి శాస్త్రవేత్త. జ్ఞాపకశక్తిని, ఆలోచనను క్రమంగా హరించే అల్జీమర్స్ వ్యాధికి ఈయన పేరే పెట్టారు. డిమెన్షియా రకాలలో ఎక్కువగా కనిపించేది ఇదే.

తొలి జీవితం

అల్జీమర్ బవేరియాలోని మార్క్‌ట్‌బ్రైట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నోటరీ. బెర్లిన్, ట్యూబింగెన్, వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో వైద్యశాస్త్రం అభ్యసించి 1887లో పట్టా పొందాడు. 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర మానసిక చికిత్సాలయంలో చేరాడు. మనోరోగులను కట్టివేసి ఉంచడం ఆ కాలంలో సాధారణం. చికిత్సాలయ అధిపతి ఎమిల్ సియోలీతో కలిసి ఈయన ఆ పద్ధతిని తగ్గించి, గోరువెచ్చని నీటి స్నానాలు, ఆరుబయట నడక వంటివాటికి ప్రాధాన్యమిచ్చాడు. 1901లో భార్య మరణించింది. వీరికి ముగ్గురు పిల్లలు.

ఆగస్టె డెటెర్

అదే సంవత్సరం నవంబరులో 51 సంవత్సరాల ఆగస్టె డెటెర్ అనే గృహిణి చికిత్సాలయంలో చేరింది. సొంత ఇంట్లోనే ఆమెకు దారి తెలిసేది కాదు. వస్తువులను అటూ ఇటూ మోసుకొని పోయి దాచేది. 1903లో అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి, హైడెల్‌బర్గ్ మీదుగా మ్యూనిక్ చేరాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించగా మెదడును తెప్పించి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. మెదడు పైపొర కుంచించుకుపోయి ఉంది. కణాలలో చిక్కుపడిన పోగులు, కణాల వెలుపల ఫలకాలు కనిపించాయి. 1906 నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఈ వివరాలు సమర్పించినప్పుడు సభికులు పెద్దగా పట్టించుకోలేదు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

చివరి రోజులు

1912లో బ్రెస్లావు (నేటి పోలెండులోని వ్రోత్స్వావ్) విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 51వ యేట అక్కడే మరణించాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి పక్కనే ఖననం చేశారు.

ఇంటి అమరిక

తెలిసిన ఇల్లే రోగికి కొత్తచోటుగా మారడానికి మూలం మెదడులోని మార్పులేనని అల్జీమర్ పరిశీలన వలన తెలిసింది. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు కనుక ఇంటిని రోగికి అనువుగా మార్చడం సంరక్షణలో ముఖ్య భాగమైనది. మంచం నుండి మరుగుదొడ్డి వరకు రాత్రి దీపం, తలుపుపై బొమ్మ, నేలకు భిన్నమైన రంగులో గడప, జారని గచ్చు, స్నానాలగదిలో పట్టుకొనే కమ్మీ ఉపయోగపడతాయి. అద్దంలోని ప్రతిబింబాన్ని చూసి పరాయివారనుకొని భయపడితే అద్దాన్ని కప్పివేయాలి. మందులను అందకుండా దాచాలి. మంచం, బీరువా, దేవుని పటం వంటివాటిని తరచు స్థలం మార్చరాదు. అలవాటైన వస్తువులే రోగికి దారి గుర్తులు.