బీరు రుచి వెంట వెళ్లిన స్టూడెంట్

ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ రాసిన మనందరికీ స్టూడెంట్స్ టీ-టెస్ట్ తెలుసు. శాంపిల్ సైజ్ 30 కన్నా తక్కువుంటే టీ, ఎక్కువుంటే జెడ్ అని గుర్తుపెట్టుకుంటాం, టేబుల్ చూస్తాం, నల్ హైపోథిసిస్‌ని రిజెక్ట్ చేసి హాల్ బయటికి వచ్చేస్తాం. ఆ స్టూడెంట్ ఎవరు అన్న ప్రశ్న రెండు మార్కులకి కూడా రాదు. అది నిజానికి ఒక మనిషి దాచుకున్న పేరు. ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. ప్రొఫెసర్ కాదు, డబ్లిన్‌లో బీరు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. ప్రతి వాయికీ రుచి ఒకేలా రావాలంటే ఏం చేయాలి అని వెతుకుతూ వెళ్లి ఈ టెస్ట్ కనిపెట్టారు.

గాసెట్ 1876 జూన్ 13న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టారు. తండ్రి ఆర్మీ ఇంజనీర్ల దళంలో కల్నల్. కొడుకు కూడా అదే దారిలో వెళ్లాలనుకున్నారు కానీ కంటి చూపు సరిగ్గా లేక కుదరలేదు. వించెస్టర్‌లో స్కూలు, తర్వాత ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజ్. అక్కడ లెక్కల్లో, కెమిస్ట్రీలో రెండింటిలోనూ ఫస్ట్ క్లాస్. 1899లో, 23 ఏళ్ల వయసులో, గిన్నిస్ కంపెనీలో చేరారు. అంటే ఇప్పటి భాషలో క్యాంపస్ నుంచి నేరుగా జాబ్. ఆ రోజుల్లో గిన్నిస్ వాళ్లు సైన్స్ చదివిన కుర్రాళ్లని ఏరికోరి తీసుకునేవాళ్లు.

ఎందుకంటే బీరు తయారీ అప్పటిదాకా చేతివాటం మీద నడిచే పని. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి తీపి రసం తీస్తారు. హాప్స్ అనే పువ్వులు వేసి మరిగిస్తే చేదు, వాసన వస్తాయి. చల్లార్చి ఈస్ట్ కలిపితే పులుస్తుంది. చెప్పడానికి నాలుగు ముక్కలే. కానీ బార్లీ ఒక్కో పొలంలో ఒక్కోలా పండుతుంది, హాప్స్ ఏడాదికోలా ఉంటాయి, ఈస్ట్ అయితే ప్రాణమున్న జీవి. అనుభవం ఉన్నవాళ్లు చేత్తో నలిపి, వాసన చూసి అంచనా వేసేవాళ్లు. గిన్నిస్ అంత పెద్ద బ్రూవరీలో ఆ అంచనా ఒక్కసారి తప్పితే పోయేది ఒక పీపా కాదు.

గాసెట్‌కి ఎదురైన చిక్కు ఏమిటంటే, చేతిలో ఉన్న కొలతలు చాలా తక్కువ. ఒక మాల్ట్ నుంచి ఎంత చక్కెర దిగుతుందో చూడాలంటే ప్రతిసారీ మాల్ట్, మనుషులు, టైమ్ అన్నీ ఖర్చే. అందుకే ఎన్నిసార్లు కొలిస్తే చాలు అని లెక్క వేశారు. సగటు విలువ అసలు విలువకి అర డిగ్రీ లోపల ఉండాలనుకుందాం. రెండుసార్లు కొలిస్తే గురి తప్పే అవకాశం ఒకటైతే తగిలే అవకాశం నాలుగు. నాలుగుసార్లు కొలిస్తే ఒకటికి పన్నెండు. అంటే వందల కొలతలు అక్కర్లేదు, నాలుగు చాలు. 1904లో ఇలాంటి లెక్కలు బ్రూవరీకి ఎలా పనికొస్తాయో చెబుతూ కంపెనీకి ఒక రిపోర్ట్ రాశారు.

ఈస్ట్‌దీ ఇదే కథ. తక్కువ వేస్తే రసం పూర్తిగా పులవదు, ఎక్కువ వేస్తే రుచి చెడుతుంది. కాబట్టి ఎన్ని ఈస్ట్ కణాలున్నాయో తెలియాలి. రక్తకణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక మీద ఒక చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద 400 గళ్లలో కణాలు లెక్కపెట్టారు. ఒక గడిలో రెండు, ఇంకో గడిలో ఏడు, మరో దాంట్లో సున్నా. ఈ ఎగుడుదిగుళ్లు మన సిలబస్‌లోని పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ లాగే ఉంటాయని చూపించారు. 1907లో వచ్చిన ఆ పేపరే స్టూడెంట్ పేరుతో మొదటిది. కంపెనీ రహస్యాలు పోటీవాళ్లకి తెలియకూడదని ఉద్యోగులు సొంత పేరుతో పేపర్లు వేయడానికి గిన్నిస్ ఒప్పుకునేది కాదు. అలా అసలు పేరు వెనక్కి వెళ్లింది.

1905లో ఆయన కార్ల్ పియర్సన్‌ని కలిశారు. స్టాటిస్టిక్స్‌లో అప్పట్లో పెద్ద పేరు ఆయనదే. తర్వాతి ఏడాది కంపెనీ గాసెట్‌ని లండన్‌లో పియర్సన్ ల్యాబ్‌కి చదువుకోడానికి పంపింది. కానీ ఆ ల్యాబ్‌లో వందలు, వేల కొలతలతో పని. నాలుగు కొలతలతో ఏం తేల్చగలం అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ పెద్దగా పట్టలేదు. బ్రూవరీలో పనిచేసేవాడికి మాత్రం అదే రోజువారీ ప్రశ్న.

దానికి జవాబు వెతికిన తీరు సీఎస్‌ఈ వాళ్లకి బాగా నచ్చుతుంది. 3000 మంది ఇంగ్లిష్ ఖైదీల ఎత్తు, ఎడమ మధ్యవేలి పొడవు అప్పటికే అచ్చయి ఉన్నాయి. గాసెట్ వాటిని 3000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిల్స్ తీశారు. ప్రతిదానికీ సగటు, విచలనం చేత్తో లెక్కకట్టి తన ఫార్ములాతో పోల్చి చూశారు. కంప్యూటర్ లేని కాలంలో ఇది సిమ్యులేషన్. మనకైతే పైథాన్‌లో పది లైన్లు.

1908లో ఆ పేపర్ బయోమెట్రికా పత్రికలో వచ్చింది. చెప్పిన విషయం సింపుల్: కొలతలు తక్కువైనప్పుడు సగటు ఒక్కటే కాదు, ఆ కొలతలు ఎంత చెదిరి ఉన్నాయన్న అంచనా కూడా నమ్మదగ్గది కాదు, కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 95 శాతం నమ్మకానికి పెద్ద శాంపిల్‌లో 1.96 చాలు. నాలుగు కొలతలే ఉంటే టేబుల్ 3.18 అడుగుతుంది. తక్కువ డేటాతో మాట్లాడొచ్చు, కానీ ఆ తక్కువకి తగ్గ ధర కట్టి మాట్లాడాలి.

పేపర్‌ని చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని విలువ గుర్తించింది రోనాల్డ్ ఫిషర్. ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడే దానికి గట్టి ప్రూఫ్ ఇచ్చి, తర్వాత 1925లో తన పుస్తకంతో ప్రపంచమంతా తిప్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. పియర్సన్‌కీ ఫిషర్‌కీ అస్సలు పడేది కాదు. గాసెట్ మాత్రం ఇద్దరితోనూ స్నేహంగా ఉన్నారు. బార్లీ పొలాల్లో ప్రయోగాలు ఎలా చేయాలన్న దాని మీద ఫిషర్‌తో గట్టిగా విభేదించినా ఆ స్నేహం పోలేదు.

ఆ పొలాల పద్ధతి మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు. రెండు రకాల బార్లీని పక్కపక్కనే పట్టీలుగా వేసేవాళ్లు. నేల, వాన ఒకటే కాబట్టి తేడా వస్తే అది విత్తనంది. ఇప్పుడు బ్రిటన్, అమెరికాల్లో కిట్ కొని ఇంట్లోనే బీరు చేసుకునేవాళ్లు చాలామంది. డబ్బాలో చిక్కటి మాల్ట్ పాకం, దాంతో ఒక చిన్న ఈస్ట్ పొట్లం వస్తాయి. కొత్తవాళ్ల మొదటి వాయి చాలాసార్లు పల్చగా, ఏదో పుల్లగా ఉంటుంది. చక్కెర బదులు మాల్ట్ పొడి వేయడం, ఈస్ట్ తాజాది సరిపడా వేయడం, పులిసేటప్పుడు వేడి పెరగనివ్వకపోవడం, పాత్రలు శుభ్రంగా ఉంచడం, సీసాల్లో పోశాక కొన్ని వారాలు ఆగడం, ఇవన్నీ రుచిని బాగుచేస్తాయి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. గాసెట్ దారి వేరు. ఒకే రసాన్ని రెండు పాత్రల్లో పోసి, ఒక్కటే మార్చి, ఏది ఏదో చెప్పకుండా రుచి చూపించాలి. ఒక్కసారి గెలిచినదాన్ని నమ్మేయకుండా మళ్లీ మళ్లీ చేయాలి. మన దగ్గర లైసెన్స్ లేకుండా బీరు కాయడం నేరం కాబట్టి హాస్టల్లో ఎవరూ మొదలెట్టకండి. ఇడ్లీ పిండి మీద ట్రై చేయండి, అదీ పులిసేదే.

1935లో గిన్నిస్ లండన్‌లోని పార్క్ రాయల్ కొత్త బ్రూవరీ పనికి ఆయన్ని పంపింది. 1937లో హెడ్ బ్రూవర్ అయ్యారు. ఆ ఏడాదే అక్టోబర్ 16న, 61 ఏళ్ల వయసులో, గుండెపోటుతో పోయారు. పెన్షన్ తీసుకుని తోటపనీ, చేపల వేటా చూసుకునే రోజు రాలేదు. చివరిదాకా జీతం తీసుకున్నది బీరు పనికే, స్టాటిస్టిక్స్‌కి కాదు.

ఈసారి ప్రాజెక్ట్‌లో మన మోడల్ ఒక్క రన్‌లో రెండు శాతం యాక్యురసీ ఎక్కువ చూపిస్తే, స్లైడ్‌లో పెట్టే ముందు ఇంకో మూడుసార్లు రన్ చేసి చూద్దాం. ఆయన అడిగేది అదే.