గిల్బర్ట్ లూయిస్: రసాయన బంధానికి రూపమిచ్చిన శాస్త్రవేత్త

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి చదివే ప్రతి విద్యార్థీ రసాయన బంధం పాఠానికి వచ్చేసరికి చుక్కలు పెట్టడం నేర్చుకుంటారు. హైడ్రోజన్‌కు ఒక చుక్క, ఆక్సిజన్‌కు ఆరు, నైట్రోజన్‌కు అయిదు. రెండు హైడ్రోజన్ గుర్తుల నడుమ రెండు చుక్కలు చేరితే అణువు పూర్తయినట్లు లెక్క. ఈ చుక్కలను లోకానికి ఇచ్చినవారు అమెరికన్ రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ న్యూటన్ లూయిస్. ఆయన పేరు పాఠ్యపుస్తకంలో నిలిచిపోయింది గాని, జీవితం అంతగా ప్రచారంలోకి రాలేదు.

లూయిస్ 1875 అక్టోబరు 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేమౌత్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది. కుటుంబం నెబ్రాస్కాలోని లింకన్ నగరానికి తరలివెళ్లింది. బాల్యంలో చదువు ఎక్కువగా ఇంటివద్దనే సాగింది. మూడేళ్లకే చదవడం నేర్చిన ఆ బాలుడు నెబ్రాస్కా విశ్వవిద్యాలయం మీదుగా హార్వర్డ్ చేరి, 1899లో డాక్టరేట్ పొందారు. అనంతరం జర్మనీలో ఓస్ట్వాల్డ్, నెర్న్‌స్ట్ వంటి దిగ్గజాల ప్రయోగశాలల్లో పనిచేశారు. నెర్న్‌స్ట్‌తో మాత్రం పొసగలేదు. ఆయన లెక్కల్లోని పొరపాట్లను లూయిస్ తర్వాతి కాలంలో అచ్చులోనే ఎత్తిచూపారు. ఆ వైరం చివరిదాకా సమసిపోలేదు.

అప్పటికి పరమాణు సిద్ధాంతం ఎక్కడ ఉన్నదో గుర్తు చేసుకోవడం అవసరం. ఒక్కొక్క మూలకపు పరమాణువుకు ఒక్కొక్క బరువు ఉంటుందని ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్ 1808లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించ పూనుకున్నారు. ఆ శతాబ్ది పూర్తయ్యేలోగా రసాయన శాస్త్రజ్ఞులు పరమాణువుల మధ్య గీతలు గీసి వేలాది అణువుల నిర్మాణాలను కాగితంపై చూపగలిగారు. అయితే ఆ గీత అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తర్వాత కొంత వెలుగు కనిపించింది. వంట ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది, క్లోరిన్ దాన్ని స్వీకరిస్తుంది, విరుద్ధ ఆవేశాలు పరస్పరం ఆకర్షించుకుంటాయి. ఇంతవరకు సబబే. మరి ఒకే రకమైన రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎందుకు కలిసి ఉంటాయి? వాటిలో ఇచ్చేది ఏది, పుచ్చుకునేది ఏది? ఈ ప్రశ్నకు అప్పటి సిద్ధాంతాల వద్ద జవాబు లేదు.

1902లో హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్న లూయిస్, విద్యార్థులకు సులువుగా బోధపడేందుకు పరమాణువును ఒక ఘనంగా ఊహించి, దాని ఎనిమిది మూలల్లో ఎలక్ట్రాన్లను అమర్చి బొమ్మ గీశారు. పరమాణువుకు కేంద్రకం ఉన్నదని అప్పటికి తెలియదు. ఎనిమిది మూలలూ నిండితే పరమాణువు నిలకడగా ఉంటుందన్నది ఆ ఊహ సారాంశం. దాన్ని ఆయన ప్రచురించలేదు. ఆ కాగితం పద్నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది.

ఈ మధ్యకాలంలో లూయిస్ ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో తూనికలు, కొలతల కార్యాలయ పర్యవేక్షకుడిగా కొంతకాలం ఉన్నారు. 1905 నుంచి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేశారు. 1912లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పిలుపుపై బర్క్లీ చేరి, జీవితాంతం అక్కడే ఉండిపోయారు. వేదికనెక్కి ఉపన్యసించడం ఆయనకు చేతకాని పని. వారం వారం జరిగే పరిశోధన గోష్ఠిలో మాత్రం, నోట చుట్టతో, తీరే వేరు. ఎంత పెద్దవారినైనా ఎంత చిన్న విద్యార్థి అయినా అక్కడ ప్రశ్నించవచ్చు.

1916లో అణువు, పరమాణువులపై ఆయన ప్రచురించిన వ్యాసం ఆ పాత ప్రశ్నకు జవాబు చెప్పింది. హైడ్రోజన్ పరమాణువుల్లో ఏదీ ఇవ్వనక్కరలేదు, ఏదీ పుచ్చుకోనక్కరలేదు. చెరొక ఎలక్ట్రాన్ తెచ్చి ఇద్దరి సొత్తుగా ఉంచుకుంటాయి. ఉమ్మడి పొలం గట్టున ఉన్న బావి ఇరువైపులా లెక్కలోకి వచ్చినట్లే, ఆ జంట రెండు పరమాణువులకూ చెందుతుంది. రసాయన శాస్త్రజ్ఞులు గీస్తూ వచ్చిన ఒక్కొక్క గీత ఒక్కొక్క ఎలక్ట్రాన్ జంట అని తేలింది. రెండు ఘనాలు ఒక అంచును పంచుకుంటే ఏక బంధం, ఒక ముఖాన్ని పంచుకుంటే ద్విబంధం. త్రిబంధానికి మాత్రం ఘనం పనికిరాలేదు. దాంతో తనకు ఇష్టమైన ఘనాన్ని పక్కనపెట్టి, నాలుగు జంటలను చతుర్ముఖి మూలల్లో నిలిపే అమరికను లూయిస్ తానే సూచించారు. అదే ఏడాది జర్మనీలో కోసెల్ అయానిక బంధాన్ని వివరించారు. నేటి పాఠ్యపుస్తకాల్లో వీరిద్దరి పేర్లు జంటగా కనిపించేది ఇందుకే.

తర్వాత యుద్ధం అడ్డు వచ్చింది. 1918లో లూయిస్ ఫ్రాన్స్ వెళ్లి, అమెరికన్ సైనికులకు విషవాయువుల నుంచి రక్షణపై శిక్షణ ఇచ్చే బాధ్యతను నిర్వహించారు. ఈలోగా జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ సిద్ధాంతాన్ని అందుకున్నారు. 1919 నుంచి వ్యాసాలు, ఉపన్యాసాల ద్వారా దేశమంతటా ప్రచారం చేశారు. సమయోజనీయ బంధానికి ఆంగ్లంలో ఆ పేరు పెట్టింది ఆయనే. లాంగ్‌మ్యూర్ గొప్ప వక్త. లూయిస్ మితభాషి. చూస్తుండగానే అది లూయిస్-లాంగ్‌మ్యూర్ సిద్ధాంతమైంది. కొందరి నోట లాంగ్‌మ్యూర్ సిద్ధాంతమే అయింది. తామిద్దరూ కలిసి పనిచేయలేదని, ఎవరి భాగం వారిదేనని లూయిస్ 1923లో వెలువరించిన గ్రంథంలో మర్యాదగానే స్పష్టం చేశారు. ఆ మర్యాద మాటున ఉన్న నొప్పి చదివేవారికి తెలియకపోదు.

భౌతిక శాస్త్రజ్ఞుల అభ్యంతరం వేరు. రుణావేశం గల రెండు ఎలక్ట్రాన్లు వికర్షించుకోవాలి గదా, జంటగా ఎలా ఉంటాయి? లూయిస్ వద్ద దీనికి గణిత సమాధానం లేదు. 1927లో హైట్లర్, లండన్ అనే శాస్త్రవేత్తలు హైడ్రోజన్ అణువుకు క్వాంటం సిద్ధాంతాన్ని అన్వయించి, ఆ జంట ఎందుకు నిలుస్తుందో లెక్కగట్టి చూపారు. ఆ దారిలో మరింత ముందుకు వెళ్లిన లైనస్ పౌలింగ్, రసాయన బంధంపై 1939లో వెలువరించిన తన ప్రఖ్యాత గ్రంథాన్ని లూయిస్‌కే అంకితమిచ్చారు.

లూయిస్ పరిశోధన ఒక్క బంధానికే పరిమితం కాలేదు. ఎలక్ట్రాన్ జంటను స్వీకరించేది ఆమ్లం, ఇచ్చేది క్షారం అన్న నిర్వచనం ఆయనదే. ఫోటాన్ అన్న మాట 1926లో ఆయన లేఖ ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. 1933లో నీటిని పదే పదే విద్యుద్విశ్లేషణ చేసి, దాదాపు శుద్ధమైన భారజలాన్ని మొదటిసారి వేరుచేశారు. నేడు గోదావరి తీరాన మణుగూరు కర్మాగారంలో మరొక పద్ధతిలో తయారవుతున్న భారజలం, అణు విద్యుత్ రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే మితకారిగా ఉపయోగపడుతున్నది.

డ్యూటీరియంను కనుగొన్నందుకు 1934లో హెరాల్డ్ యూరీకి నోబెల్ బహుమతి లభించింది. యూరీ బర్క్లీలో చదివినవారే. ఆ ప్రయోగశాలలో ఎదిగిన జియాక్, సీబోర్గ్, లిబ్బీలకు కూడా తర్వాతి కాలంలో అదే బహుమతి దక్కింది. లూయిస్ పేరు మాత్రం ముప్పై సార్లకు పైగా ప్రతిపాదనకు వచ్చినా, ఒక్కసారీ ఎంపిక కాలేదు. నోబెల్ సంఘం తీర్పుల్లో ఇంతకంటే పెద్ద లోటు రసాయన శాస్త్రంలో కనిపించదు. 1934లోనే ఆయన అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వానికి రాజీనామా చేశారు.

చివరి సంవత్సరాల్లో కాంతిని గ్రహించిన పదార్థాలు ఎలా వెలుగుతాయన్న అంశంపై, యువ సహచరుడు మైఖేల్ కాషాతో కలిసి విలువైన పరిశోధన చేశారు. 1946 మార్చి 23న బర్క్లీ వచ్చిన లాంగ్‌మ్యూర్‌తో మధ్యాహ్న భోజనం చేసి, తిరిగి ప్రయోగశాలకు వెళ్లారు. బల్లపై ద్రవ హైడ్రోజన్ సయనైడ్‌తో ప్రయోగం సాగుతున్నది. కొంతసేపటికి ఆయన నేలపై పడి ఉండటాన్ని విద్యార్థి గమనించారు. గదిలో సయనైడ్ వాసన ఉన్నది. దాన్నిబట్టి పలు ఊహాగానాలు చెలరేగినా, అధికారిక విచారణ గుండెజబ్బునే మరణ కారణంగా నిర్ధారించింది. అప్పటికి ఆయన వయసు 70 సంవత్సరాలు. అనంతరం బర్క్లీ విశ్వవిద్యాలయం తన రసాయన శాస్త్ర భవనాల్లో ఒకదానికి లూయిస్ పేరు పెట్టింది.